మొల కొట్టొద్దన్న గోడ

మా మనుమరాలు శ్రావ్య నల్లగొండలో కొత్తగా కిరాయికి తీసుకున్న ఇంటికి పోయిన వారం నన్ను తీసుకుపోయింది. హాల్లో కూచోబెట్టి, మంచినీళ్లయినా ఇవ్వకముందే ఎదురుగోడ చూపించి ఎట్లా ఉందని అడిగింది. గోడకు మూడు చెక్క అరలు బిగించి ఉన్నాయి. వాటి మీద తెల్లటి పింగాణీ కుండీల్లో మొక్కలు. ఒకటి మనీప్లాంటు, ఒకటి నిలువుగా పెరిగే పట్టాకుల మొక్క. మిగతా వాటి పేర్లు అది చెప్పింది గాని నాకు నోరు తిరగలేదు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. కానీ నా చూపు మొక్కల మీద లేదు, అరల కింద గోడ మీద ఉంది. అక్కడేమన్నా తడి ఉందా అని వెతుకుతున్నాను. పోసిన నీళ్లు ఎటు పోతాయని అడిగితే ఎటూ పోవట, కుండీలకు బొక్కలే లేవట. మరి వేళ్లు మురగవా అంటే ఫోన్ తీసి ఏదో చూపించబోయింది. అద్దాలు తెచ్చుకోలేదని తప్పించుకున్నాను. ఈ కాలం పిల్లలు మొక్కకు నీళ్లు పోయడానికి కూడా ఫోన్‌ను అడుగుతారు.

అది చాయ్ పెట్టుకొచ్చి నా పక్కన కూచుని, అసలు భయం అప్పుడు చెప్పింది. ఇంటి ఓనరు చేరేటప్పుడే గోడలకు మొలలు కొట్టొద్దని షరతు పెట్టాడట. ఇది ఎవరికీ చెప్పకుండా మిషను తెప్పించి పన్నెండు రంధ్రాలు పెట్టించింది. ఆదివారం ఆయన వస్తానన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ చాయ్ చీర మీద పోసుకున్నాను. దానికి కోపం వచ్చింది. దాని కోపం పోగొట్టడానికి ఆ సాయంత్రం చెప్పిన కథే ఇప్పుడు రాస్తున్నాను. దానికి చెప్పేటప్పుడు ఒకటి రెండు సంగతులు మింగాను. ఇక్కడ మింగను.

గోడకు మొల కొట్టొద్దన్న మాట నేను మొదటిసారి విన్నది ఈ ఊళ్లోనే, ఒక గోనెపట్టా పరదా వెనక నుంచి. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో. కట్టంగూరు దాటి లోపలికి పోతే మా పల్లె. బాపు, అంటే మా నాన్న, దొరల మీద, నైజాం మీద కొట్లాడే సంఘంలో కలిసి ఊరు విడిచిపోయాడు. ఆయన కోసం దొర మనుషులు రెండుసార్లు ఇల్లంతా వెతికి పోయారు. రెండోసారి పోతూ పోతూ మా గడ్డివాముకు నిప్పు పెట్టారు. మీరిక ఊళ్లో ఉండొద్దని బాపు ఎవరి చేతనో కబురు పంపితే, మా మేనమామ బండి కట్టి అవ్వను, అమ్మను, నన్ను నల్లగొండలో దించిపోయాడు. అవ్వ అంటే బాపు తల్లి. దారి పొడుగునా ఆమె ఒళ్లో ఒక మట్టి ముంత ఉంది. అందులో మా పెరటి మరువం వేళ్లతో సహా ఉంది. బియ్యం మూట జారినా, బిందె దొర్లినా పట్టించుకోలేదు గాని, బండి గతుకులో పడ్డప్పుడల్లా ఆ ముంత మీద కొంగు కప్పేది. గతుకులకే బండి వెనక అడ్డపలక ఊడింది. దాన్ని మళ్లీ బిగించే తీరిక లేక మేనమామ మా సామానుతోనే దించేసి వెళ్లిపోయాడు.

మేము దిగిన ఇల్లు కచేరీలో రాతపని చేసే ఒక మున్షీసాబుది. ఇంటికి ముందు భాగం వాళ్లది, వెనక సందులోకి తలుపున్న ఒకటిన్నర అర్ర మాది. సగం అర్ర అంటే వంట జాగా. వాళ్ల ఇంటికీ మాకూ మధ్య ఒకటే మట్టిగోడ. మున్షీసాబు భార్యను మేము చూడలేదు. పరదా వెనక నుంచి ఒక గొంతు, అప్పుడప్పుడు ఆకుపచ్చ గాజుల చెయ్యి, అంతే. అవ్వ ఆమెను బీబమ్మ అనేది. ఆ గొంతులో అధికారం చూసి మేము ఆమెకు నడివయసు దాటిందనుకున్నాం. చేరిన రోజే షరతులన్నీ చెప్పింది. సందులో చెత్త పోయొద్దు, పొయ్యిలో తడి కట్టెలు పెట్టొద్దు, అన్నిటికన్నా ముఖ్యం, గోడకు మొల కొట్టొద్దు.

మా అవ్వకు అన్నం లేకున్నా ఒక పూట గడిచేది గాని మన్ను తాకకుండా గడిచేది కాదు. ఊళ్లో తెల్లారి లేస్తే ముందు పెరట్లోకి పోయేది. బంతి, బీర, కాకర, వామాకు, పుదీన, అన్నిటి దగ్గరా ఆగి ఏదో ఒకటి అనేది. తిట్టేది కూడా. పెరట్లో బావి పక్కన మరువం మడి తాత చేతిది. తాత పొలానికి పోయేటప్పుడు ఒక రెమ్మ తుంచి చెవి మీద పెట్టుకునేవాడట. నేను ఆయన్ను చూడలేదు. అవ్వ బట్టల పెట్టె తెరిస్తే వచ్చే మరువం వాసనే నాకు తెలిసిన తాత. అలాంటి మనిషి నల్లగొండలో బండలు పరిచిన అర్రలో దిగింది. గడప లోపల బండలే, బయట సందంతా బండలే. మొదటి వారమంతా ముంతను పొద్దున గడప మీద పెట్టేది, ఏ మేకో వస్తుందని గంటకోసారి లోపలికి తెచ్చేది. కింద పెడితే కాళ్లకు తగిలేది. ఇక గోడ తప్ప జాగా లేదు.

అవ్వ బండి పలకను గోడకు ఆనించి కొలుచుకున్నది. ఎక్కడి నుంచో రెండు తుమ్మ కొయ్యలు చెక్కించుకొచ్చింది. మధ్యాహ్నం అమ్మను రోట్లో కారం దంచమన్నది. రోకలి దిగినప్పుడల్లా, ఆ చప్పుడులో కలిసేటట్టు, తను పొత్రంతో కొయ్య మీద ఒక దెబ్బ వేసింది. అమ్మ భయంతో మరీ గట్టిగా దంచింది. ఘాటుకు ముగ్గురం తుమ్ముకుంటూ పని పూర్తి చేశాం. షరతు సంగతి ఏమిటని అమ్మ అడిగితే, ఆ బీబమ్మ మొలలు వద్దన్నది గాని కొయ్యలు వద్దనలేదని అవ్వ జవాబు. పలక మీద మరువం ముంత పెట్టింది. నాలుగు రోజులు తిరక్కుండా దాని పక్కన పగిలిన కుండ అడుగుల్లో వామాకు, పుదీన, కొత్తిమీర చేరాయి. చివరికి తులసి కూడా ఎక్కింది. తులసమ్మను గోడకెక్కిస్తారా అని అమ్మ నొచ్చుకుంటే, మనమే చెట్టుకొకరం పుట్టకొకరం అయినప్పుడు తులసమ్మ మాత్రం కోటలో కూచుంటుందా అన్నది.

అన్నీ బతికాయి గాని మరువం పాలిపోయింది. దానికి ఎండ కావాలి. ఆ అర్రలో పట్టపగలు కూడా సూదిలో దారం ఎక్కించాలంటే గడప దగ్గరికి పోవాల్సిందే. ఒక పొద్దున అవ్వ నన్ను దగ్గర కూచోబెట్టుకుని చాలా మెల్లగా చెప్పింది.

"గిది బతికితె మనం ఊరికి వోతం బిడ్డా. మీ బాపు ఇంటికొస్తడు."

ఆ మాట నేను నమ్మాను. ఇప్పటికీ పూర్తిగా నమ్మడం మానలేదు. ఆ రోజు నుంచి అవ్వ చూడకుండా మరువానికి రోజూ ఒక చెంబు నీళ్లు పోశాను. పొద్దున అవ్వ పోసేది ఎలాగూ పోసేది. అమ్మ కూడా బాపు పేరు తలుచుకుంటూ మధ్యాహ్నం ఒక చెంబు పోసేదని చాలా ఏళ్ల తర్వాత తనే చెప్పింది. అంటే బాపు క్షేమం కోసం ముగ్గురు ఆడవాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు ఒక్క మొక్కకు మూడు చెంబులు పోశాం. ముంత అడుగున బొక్క ఉంది. నీళ్లు పలక మీదికి, పలక నుంచి కొయ్యల మీదికి, కొయ్యల వెంట గోడ లోపలికి పోయేవి. ఊళ్లో మా ఇంటి గోడలు రాతివి. ఎన్ని నీళ్లు పడ్డా వాటికి లెక్కలేదు. ఇది వట్టి మట్టి అన్న సంగతి సేద్యం చేసే మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. గోడ మీద తడి మచ్చ కనిపిస్తే అవ్వ దాని మీద ఎర్రమట్టి అలికేది. అలకడానికి మళ్లీ నీళ్లు.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం అవ్వ చెంబుతో పలక ముందు నిలబడి ఉండగా గోడ మెత్తగా, పెద్ద చప్పుడు కూడా లేకుండా, అటువైపు జారింది. రెండు చేటలంత మేర బొక్క పడింది. అవ్వ మరువం ముంతను ఎట్లా పట్టుకున్నదో పట్టుకున్నది, మిగతావి కిందపడ్డాయి. దుమ్ము తగ్గాక బొక్కలోంచి అవతలి ఇల్లు కనిపించింది. ఆకాశం కనిపించే లోపలి వాకిలి, ఒక నులక మంచం, దాని మీద సగం కుట్టిన బొంత, చేతిలో సూదితో నోరు తెరుచుకుని ఒక అమ్మాయి. నడివయసు ఎక్కడిది, ఆమెకు ఇరవై దాటి ఉండవు. అవ్వ ఆమెను చూసింది, ఆమె అవ్వను చూసింది. ముసుగు కప్పుకోవాలని కూడా ఆమెకు గుర్తు రాలేదు.

"అయ్యో, నువ్వు గింత చిన్న పొల్లవా" అన్నది అవ్వ.

ఆమె ముందు ఏడుపు ముఖం పెట్టింది, తర్వాత నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు. ఈ కిరాయి అర్ర పోతే మాకు వెళ్లడానికి చోటు లేదు. ఊరికి పోలేం, బాపుకు కబురు ఎక్కడికని పంపుతాం. సాయంత్రానికి అమ్మ మూటలు కట్టేసింది. మున్షీసాబు కచేరీ నుంచి వచ్చి, టోపీ తీసి, బొక్కకు అటు నుంచి చూశాడు, మళ్లీ సందులోంచి చుట్టూ తిరిగి వచ్చి ఇటు నుంచి చూశాడు. సన్నగా, వేళ్లకు సిరా మరకలతో, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కొయ్యలను ముట్టుకున్నాడు, కింద బురదను కాలి వేలితో తాకాడు. గోడలకు నీళ్లు పోసి పెంచాలని తనకింతవరకు తెలియదన్నాడు. వెక్కిరించాడో ఓదార్చాడో అవ్వకు అర్థం కాలేదు. వానలు పోయాక పూడ్పిద్దాంలే అని వెళ్లిపోయాడు. అమ్మ మూటలు విప్పింది.

పూడ్చడం అట్లాగే ఆగిపోయింది. నిజానికి ఎవరికీ తొందర లేదు. అవ్వ కొయ్యలను పక్కకు జరిపి గట్టి గోడలో దించి, పలకను సరిగ్గా బొక్కకు అడ్డంగా మళ్లీ పెట్టింది. అటువైపు బీబమ్మ ఒక పాత రగ్గు వేలాడదీసింది. మున్షీసాబు కచేరీకి పోగానే ఆ రగ్గు ఎత్తి దండెం మీద వేసేది. అప్పుడు వాళ్ల వాకిట్లోని ఎండ మా అర్రలోకి వచ్చేది. పన్నెండు రోజుల్లో మరువం తేరుకున్నది. ఆకుపచ్చ తిరిగి, గుబురుగా పెరిగి, కొమ్మలన్నీ అటు వంగాయి. మొక్కను ఇటు తిప్పినా మళ్లీ అటే తిరిగేది. దీనికి మనకన్నా బీబమ్మే నచ్చిందని అవ్వ మూతి ముడిచేది. కానీ ఆ పలక మీదుగానే ఇటు నుంచి జొన్నరొట్టె పోయేది, అటు నుంచి దాల్చా గిన్నె వచ్చేది. మా పొగ వాళ్లింట్లోకి, వాళ్ల వేయించిన ఉల్లిగడ్డ వాసన మాకు. బీబమ్మకు తల్లి లేదు. తల దువ్వించుకోవడానికి పలకకు వీపు పెట్టి కూచునేది. అవ్వ మొక్కల మధ్య నుంచి చేతులు పెట్టి జడ వేసి, చివర్న మరువం రెమ్మ గుచ్చేది. మధ్యాహ్నాలు నేను అటు దూరి ఆమె బొంత మీద పడి నిద్రపోయేదాన్ని. బయట లోకం అల్లకల్లోలంగా ఉంటే ఆ ఎండాకాలం, ఆ వానాకాలం నా బతుకులో అన్నిటికన్నా సుఖంగా గడిచిన కాలమంటే నమ్మండి. పిల్లలకు అంతే, భయాలన్నీ పెద్దవాళ్లు మోస్తారు.

వానలు వెనక పట్టే వేళకు సైన్యం వస్తోందన్నారు. వచ్చిందన్నారు. నైజాం లొంగిపోయిందన్నారు. సందులో జనం కేకలు వేస్తూ పరుగెత్తారు. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టి ఏడ్చింది, ఇక బాపు వస్తాడని. నేను ఆ సంతోషం చెప్పడానికి పలక దగ్గరికి పోతే అటు రగ్గు దించి ఉంది. ఎత్తి చూస్తే బీబమ్మ, మున్షీసాబు వాకిట్లో కాకుండా లోపలి మూలన కూచుని ఉన్నారు. పొయ్యి వెలగలేదు. ఆ రెండు మూడు రోజులు ఈ పక్క పండుగ, ఆ పక్క ఊపిరి బిగపట్టిన ఇల్లు. రజాకార్ల మీది కోపం ఏ పాపం తెలియని వాళ్ల ఇళ్ల మీదికి మళ్లుతోందని మగవాళ్లు చెప్పుకుంటుంటే అమ్మ విన్నది. మున్షీసాబు ఎన్నడూ కలం తప్ప కర్ర పట్టిన మనిషి కాదు. ఆ వేళ దాన్ని ఎవరు అడుగుతారు.

మూడో రోజు పొద్దెక్కాక వాళ్ల ముందు తలుపు మీద దెబ్బలు పడ్డాయి. అవ్వ పుదీన గిల్లుతున్నది. ఒక్క క్షణం విన్నది. తర్వాత ఆమె చేసిన పని నేను కళ్లారా చూశాను. కుండీలను ఒక్కొక్కటి దించడానికి వ్యవధి లేదని, పలక మీదున్నవన్నీ ఒక చేత్తో కిందికి తోసేసింది. అన్నిటికన్నా ముందు పడ్డది మరువం. బండ మీద పడి ముంత పగిలింది. దాని వంక చూడనుకూడా చూడలేదు. పలక లాగేసి, రగ్గు పక్కకు నెట్టి, చేతులు చాపింది.

"రాండ్రి బిడ్డా, ఇటు రాండ్రి."

బీబమ్మ మొదట దూరింది. తర్వాత మున్షీసాబు దూరుతూ ఆ మరువం మీదే కాలు వేశాడు. తొక్కిన మరువం వాసన అర్రంతా నిండింది. వాళ్లను వంట జాగాలో ఇంటివాళ్లదే ఒక పాత ధాన్యం గుమ్మి ఉంటే దాని వెనక కూచోబెట్టి, అమ్మ పరుపులు, బొంతలు ముందు పేర్చింది. అవ్వ రగ్గు సరిచేసి, పలక ఎత్తి పెట్టి, దాని మీంచి మా దుప్పటి వేలాడదీసింది. అటు తలుపు విరిగిన చప్పుడు, పెట్టెలు తెరిచిన చప్పుడు వినబడ్డాయి. కాసేపటికి వాళ్లు సందు తిరిగి మా గడప ముందుకు వచ్చారు. నలుగురైదుగురు. రాక్షసుల్లా ఏమీ లేరు, మామూలు మనుషులు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పక్కింటివాళ్లు ఎటు పోయారని అడిగారు. ఒకడు లోపలికి తొంగి చూసి, కింద ఈ మన్నంతా ఏంటన్నాడు.

అవ్వ వెనక్కి తిరిగి నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఎన్నడూ చెయ్యెత్తని అవ్వ. చెట్లన్నీ ఈ పొల్లే తోసిందని, ఒక్క క్షణం కుదురుగా ఉండదని తిట్టడం మొదలుపెట్టింది. చేయని తప్పుకు దెబ్బ పడేసరికి నేను గొంతు చించుకుని ఏడ్చాను. నటన కాదు, ఉత్త దుఃఖం. ఆ ఏడుపుకు వాళ్లు కొంచెం వెనక్కి జరిగారు. అప్పుడు అవ్వ గడప మీదికి వచ్చి రెండు చేతులూ తలుపు రెక్కలకు ఆనించింది.

"నా కొడుకు సంఘంల ఉన్నడు. ఇంట్లకు రావాల్నంటె రాండ్రి. ఆయన లేని యాల్ల వచ్చి సోదా జేసిన్రని రేపు ఆయనకు జెప్త. మీ మీ పేర్లు జెప్పి లోపటికి రాండ్రి."

ఎవరూ పేరు చెప్పలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. అవ్వ తలుపు వేసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి కూచున్నది. ఆ తర్వాత నన్ను దగ్గరికి తీసుకోవడానికి అవ్వకన్నా ముందు బీబమ్మ వచ్చింది. నా వీపు మీద ఐదు వేళ్ల గుర్తులను అరచేత్తో నిమిరింది. వాళ్లు ఎనిమిది రోజులు మాతోనే ఉన్నారు. మున్షీసాబు నాకు గుమ్మి వెనక బలపంతో రాసే పలక మీద అ, ఆ లతో పాటు అలిఫ్, బే కూడా రాసిచ్చాడు.

మరువం సంగతి అందరికన్నా ఆలస్యంగా గుర్తొచ్చింది. రెమ్మలన్నీ నలిగిపోయాయి. ఇక ఊరు లేదు, బాపు రాడు అని నేను లోలోపల కుమిలిపోయాను. అవ్వకు చెప్పలేకపోయాను. ఆమె మాత్రం నలిగిన కాడల్లోంచి గోరంత పచ్చి ఉన్నవి ఏరి, గుచ్చి, మళ్లీ పలక మీద పెట్టింది. నాలుగింటిలో రెండు బతికాయి. బాపు గడ్డం పెరిగి, గుర్తు పట్టలేనట్టుగా, అయినా రెండు కాళ్ల మీద నడుచుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ దాక్కోవాల్సి వచ్చింది, కొన్నాళ్లు జైలూ చూశాడు. కానీ ఆఖరికి మా పెరట్లోనే ముసలివాడై, మరువం రెమ్మ చెవి మీద పెట్టుకుని తిరిగాడు. మేము ఊరికి మళ్లేటప్పుడు బతికిన రెండింటిలో ఒకటి అవ్వ ఒళ్లో వచ్చింది, ఒకటి పలక మీదే ఉండిపోయింది. గోడ పాడు చేశానని అవ్వ తన చేతులు పట్టుకుంటే బీబమ్మ తల ఆమె భుజం మీద పెట్టింది.

శ్రావ్య ఇదంతా విని, ఆ మొక్కల గోడ వంక కొత్తగా చూసింది. దాని అరల మీద దుమ్ములేదు, కింద తడి లేదు, అంతా ముచ్చటగా ఉంది. నేను పాతకాలమే గొప్పదనే రకం కాదు. గడ్డివాములు కాలిన కాలం గొప్పదెట్లా అవుతుంది. ఈ పిల్ల ఒంటరిగా ఒక ఇల్లు తీసుకుని, తలుపు మీద ఎవరు కొడతారోనన్న భయం లేకుండా, ఉత్త అందం కోసం గోడకు పచ్చదనం పెట్టుకున్నదంటే నాకు కడుపు నిండినట్టే ఉంది. ఆ గోడ అవతల ఎవరుంటారని మాత్రం అడిగాను. లిఫ్టులో కనిపిస్తారు, పేరు తెలియదన్నది. ఒక కుండీకి అడుగున బొక్క పెట్టించు, వచ్చేసారి మరువం తెస్తానన్నాను. అయితే ఓనరు వస్తే ఏం చెప్పాలని అది మళ్లీ మొదటికే వచ్చింది. మీ ఓనరు ఏమంటాడో నాకు తెలియదు, మా ఓనరు ఏమన్నదో చెప్తా విను అన్నాను.

అవ్వ పోయిన మరుసటి ఏడు పెద్ద చదువు కోసం బాపు నన్ను మళ్లీ నల్లగొండకు తెచ్చాడు. ఉండడానికి వేరే ఇల్లు వెతకనే లేదు. ఆ అర్రను వాళ్లు అన్నేళ్లూ ఎవరికీ కిరాయికి ఇవ్వలేదు. గోడ బొక్కను పూడ్చలేదు. చుట్టూ సున్నంతో గట్టి చేసి, టేకు చట్రం పెట్టించి కిటికీ చేశారు. కిటికీ కింద మా బండి పలక, పలక మీద గంపంత మరువం. మున్షీసాబు జుట్టు నెరిసింది. బీబమ్మకు ముప్పై దాటాయి, ఆ గొంతుకు తగిన వయసు ఇప్పుడిప్పుడే వస్తున్నది. పరదా వెనక నుంచి కాదు, కిటికీలోంచి ముఖం పెట్టి షరతులన్నీ మొదటి నుంచి చెప్పింది. సందులో చెత్త పోయొద్దు. పొయ్యిలో తడి కట్టెలు పెట్టొద్దు. అక్కడ ఆగింది. పలక మీద చెయ్యి వేసి, కొంచెం సేపు మరువం వంక చూసి, తాళంచెవి నా అరచేతిలో పెట్టింది.

"మొల నీ ఇష్టమున్న జాగల కొట్టుకో బిడ్డా."

నాలుగేళ్లు ఉన్నాను ఆ అర్రలో. ఒక్క మొల కూడా కొట్టలేదు.